జిరాక్స్ ముందా, తాళం ముందా?

(ఒక ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో, చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లంతా కలిసినప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది చెప్పింది చెప్పినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ చప్పుడుతో నేను పోటీ పడలేను, కొంచెం ముందుకు జరగండి. ఎలాగూ జరగాల్సిందే, ఎందుకంటే ఇక్కడ బల్ల మీద నేను చూపించబోయేవి చాలా చిన్నవి. మూడు పెన్‌డ్రైవ్‌లు. సీటీసీలో, అదే ఇక్కడి కంప్యూటర్ల మార్కెట్‌లో, కొన్నాను, మూడూ చవకవే. ఒకదానికి ఎర్ర దారం కట్టాను, ఒకదానికి పచ్చ దారం, మూడోదానికి ఏమీ లేదు. ఎర్రది, పచ్చది కలిపి మిర్రర్ చేశాను, అంటే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడుతుంది, దీన్నే రెయిడ్ వన్ అంటారు. ఆ మిర్రర్ మీద ఎన్‌క్రిప్షన్ పెట్టాను, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదివితే గజిబిజే కనిపిస్తుంది. లక్స్. సబ్బు కాదు, లినక్స్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి పేరు. ప్రస్తుతం అది మూసేసి ఉంది, పాస్‌వర్డ్ కొట్టలేదు.

ఇప్పుడు చూడండి. పచ్చదాన్ని పీకేస్తున్నాను. అంతే. స్క్రీన్ మీద, మిర్రర్ పరిస్థితి చూపించే ఎండీస్టాట్ ఫైలులో ఇందాక రెండు 'యూ' అక్షరాలు పక్కపక్కన ఉన్నాయా? ఇప్పుడు ఒక 'యూ', దాని పక్కన ఒక గీత. ఆ గీత అంటే ఒక డిస్కు పోయిందని. పచ్చదాని సీటులో దారం లేనిదాన్ని పెట్టాను, మిర్రర్‌లో కలపమని చెప్పాను. రీబిల్డ్ మొదలైంది, అంటే ఎర్రదానిలో ఉన్నదంతా కొత్తదానికి కాపీ అవుతోంది. ఒక శాతం... రెండు... చవక పెన్‌డ్రైవ్ కదా, నెమ్మదిగా రాస్తుంది. అది దాని పని చేసుకుంటుంది, మనం మన పని చేసుకుందాం. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇందులో ఎక్కడైనా నేను పాస్‌వర్డ్ కొట్టానా? కొట్టలేదు. దాని సంగతి తర్వాత.

అసలు ఈ రెండూ కలిపి ఎందుకు వాడాలి? మిర్రర్ ఎందుకో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక డిస్కు చస్తే రెండోది నడుస్తుంది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అని ముగ్గురు రాసిన పేపరుతో రెయిడ్ అనే పేరు నిలబడిపోయింది, అందులో 'ఐ' అంటే అప్పట్లో ఇన్‌ఎక్స్‌పెన్సివ్, అంటే చవక. చవక డిస్కులు బోలెడు కలిపితే ఖరీదైన పెద్ద డిస్కుకు సాటి వస్తాయనేది వాళ్ల వాదన. మిర్రర్ అంతకుముందు నుంచే ఉంది, వాళ్లు దానికి లెవెల్ వన్ అని నంబరిచ్చారు.

మరి ఎన్‌క్రిప్షన్? చాలామంది దొంగతనం అంటారు. నిజమే, కానీ మీ ఆఫీసులో దొంగలు పడి సర్వర్ ఎత్తుకుపోవడం ఎన్నిసార్లు చూశారు? చేతులెత్తండి. ఒక్కరు. సరే. డిస్కు వారంటీకి పంపినవాళ్లు? చూశారా, దాదాపు అందరూ. నా దృష్టిలో అసలు కారణం అదే. హెడ్ పోయిన డిస్కును మీరు తుడవలేరు. సాఫ్ట్‌వేర్‌తో తుడవాలంటే అది తిరగాలి కదా, తిరిగితే వారంటీకి ఎందుకు పంపుతాం! అందులో మీ క్లయింట్ల పాన్ కార్డులు, జీతాల లెక్కలు, అన్నీ అలాగే ఉండగా ప్యాక్ చేసి కొరియర్‌లో పడేస్తాం. మిర్రర్ పెట్టినవాళ్లకు ఈ బాధ రెట్టింపు, ఎందుకంటే ఒక్కో డిస్కులో మొత్తం కాపీ ఉంటుంది. నేను ఒకసారి సెకండ్ హ్యాండ్ డిస్కు కొన్నాను, ఎక్కడో చెప్పను, ఇంటికొచ్చి పెడితే ఎవరిదో ఫైనాన్స్ కాగితాలు, ఆధార్ కాపీలు ఫోల్డర్లు ఫోల్డర్లుగా ఉన్నాయి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల వరకు జరిమానా అని రాసి ఉంది. మన చిన్న ఆఫీసుల మీద అంత వేస్తారా లేదా అని కాదు, ఆ ఆధార్ కాపీల్లో ఒకటి మన చెల్లెలిదైతే ఎలా ఉంటుంది?

ఇక అసలు సంగతికి వస్తున్నా. రెండూ పెట్టాలి సరే, ఏది కింద, ఏది పైన? ఇక్కడే అందరూ తికమకపడతారు. కంప్యూటర్ మాటల్లో చెప్పను. మీ దగ్గర పొలం కాగితం ఒకటి ఉంది. మొదటి పద్ధతి: ముందు ఆ కాగితాన్ని ఎవరికీ అర్థం కాని లిపిలో రాసేశారు, అలా రాసిన దాన్ని రెండు జిరాక్సులు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్లో పెట్టారు. రెండో పద్ధతి: కాగితాన్ని మామూలుగానే రెండు జిరాక్సులు తీసి, రెండు ట్రంకుపెట్టెల్లో పెట్టి, ఒక్కోదానికి వేరే తాళం వేశారు. మొదటిది, మిర్రర్ కింద, ఎన్‌క్రిప్షన్ పైన. రెండోది, ఎన్‌క్రిప్షన్ కింద, మిర్రర్ పైన. డేటా పైనుంచి కిందికి దిగుతుందని గుర్తుపెట్టుకుంటే తికమక పోతుంది.

ఏది మంచిది? మామూలు మిర్రర్‌కైతే మొదటిది. ఎందుకో చెప్పడానికి నేను చేసిన తప్పే చెబుతాను.

కొన్నేళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఫొటో స్టూడియోకు సర్వర్ పెట్టాను. 4 టీబీ డిస్కులు రెండు. అప్పుడు నాకు తెలివి ఎక్కువ. ఒక్కో డిస్కునూ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి, పైన మిర్రర్ పెట్టాను. అది చాలక, రెండింటికీ వేర్వేరు పాస్‌వర్డ్‌లు! భద్రత ఎక్కువ అనుకున్నా. ఒక కాగితం మీద రెండూ రాసి అక్కడి కుర్రాళ్లకు ఇచ్చి వచ్చేశా.

మూఢం వచ్చే ముందు రోజులు, ముహూర్తాలన్నీ ఆ నెలలోనే, స్టూడియోలో ఊపిరాడట్లేదు. కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా చచ్చింది, కరెంటు వచ్చాక సర్వర్ లేచి పాస్‌వర్డ్ అడిగింది. కుర్రాడు మొదటిది సరిగ్గా కొట్టాడు, రెండోది మూడుసార్లు తప్పు కొట్టాడు. మిర్రర్ ఏం చేస్తుంది? రెండో డిస్కు కోసం కాసేపు చూసింది, రాలేదు, సరే ఒక్కదానితోనే మొదలుపెడదాం అని మొదలుపెట్టేసింది. దాని పనే అది! ఒక డిస్కు లేకపోయినా నడవడం కోసమే కదా పెట్టుకున్నాం. ఫొటోలు కనిపిస్తున్నాయి, పని జరుగుతోంది, ఎవరికీ ఏమీ తెలియదు. మెయిల్ అలర్ట్ పెట్టారా అని అడగకండి. పెట్టలేదు.

11 రోజులు అలా నడిచింది. మళ్లీ కరెంటు పోయింది. ఈసారి ఇంకో కుర్రాడు, మొదటిది తప్పు కొట్టాడు, రెండోది కరెక్టుగా కొట్టాడు. ఇప్పుడు ఏమవుతుందో చెప్పండి? ఎవరైనా? ఆ, కరెక్ట్. రెండో డిస్కు ఒక్కటే లేచింది. 11 రోజులుగా తను పక్కన పడి ఉన్నానని దానికి తెలియదు, ఎవరూ చెప్పలేదు, దాని మీద రాసి ఉన్న ఆఖరి మాట 'ఇద్దరం బాగున్నాం' అనే. సెలవు మీద వెళ్లి వచ్చిన మనిషిలా, ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెట్టేసింది. నాకు ఫోన్. "అన్నా, పోయిన వారం పెళ్లిళ్ల ఫొటోలు మొత్తం కనిపిస్తలేవన్నా." నాకు కాళ్లు చల్లబడ్డాయి. వెళ్లేసరికి ఇంకో ఘోరం, అప్పటికే ఆ రోజు తీసిన రిసెప్షన్ ఫొటోలు ఈ పాత డిస్కులోకి ఎక్కించేశారు. అంటే ఇప్పుడు దీనిలో ఉన్నవి దానిలో లేవు, దానిలో ఉన్నవి దీనిలో లేవు. రెండు డిస్కులూ నేనే అసలు అంటున్నాయి. ఆ టైంలో నేను గాభరా పడి రెండింటినీ కలిపేసి ఉంటే, ఒకటి రెండోదాని మీద రాసేసేది, ఏదో ఒక వైపు పెళ్లిళ్లు పోయేవి.

అదృష్టం, చేతులు కట్టుకుని కూర్చున్నా. రెండూ విప్పి, వేర్వేరుగా, చదవడానికి మాత్రమే వీలుండేలా తెరిచి, తేదీల వారీగా కొత్త డిస్కులోకి కాపీ చేసుకున్నాం. రెండు రాత్రులు. ఫొటోలు అన్నీ వచ్చాయి. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ క్యాటలాగ్ ఫైలు ఒకటి మాత్రం రెండు వైపులా మారింది, దాన్ని ఆ కుర్రాళ్లు కూర్చుని చేత్తో సరిచేయాల్సి వచ్చింది. ఆ స్టూడియో ఓనర్ నన్ను ఒక్క మాట అనలేదు, బిర్యానీ తెప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్కసారి స్క్రీన్ చూద్దాం... 31 శాతం. నడుస్తోంది.

సరే, అదే మిర్రర్ కింద ఉండి, ఎన్‌క్రిప్షన్ పైన ఉంటే ఏమయ్యేది? పాస్‌వర్డ్ ఒక్కటే. తప్పు కొడితే ఏదీ తెరుచుకోదు, కరెక్టుగా కొడితే మొత్తం తెరుచుకుంటుంది. సగం తెరుచుకోవడం అనేదే లేదు. దీనితో పాటు ఇంకో లాభం, రాసే ప్రతి ముక్కా ఒక్కసారే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆ ఫలితమే రెండు డిస్కులకూ వెళ్తుంది. రెండో పద్ధతిలో ప్రతిదీ రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఇప్పటి ప్రాసెసర్లలో ఏఈఎస్‌కు, అంటే ఈ ఎన్‌క్రిప్షన్ లెక్కకు, విడిగా ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, ఇంటెల్‌లో 2010 నుంచే మొదలయ్యాయి, కాబట్టి మామూలు హార్డ్ డిస్కు ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. కానీ ఇంట్లో రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టుకున్నవాళ్లున్నారా? ఆ, ఇద్దరున్నారు. దానిలో ఆ సౌకర్యం లేదు, మీకు తేడా బాగా తెలుస్తుంది. పై 5లో ఉంది.

ఇందాక పాస్‌వర్డ్ కొట్టలేదన్నానే, దాని సంగతి ఇదీ. ఇప్పుడు బల్ల మీద జరుగుతున్న రీబిల్డ్‌లో మిర్రర్‌కు లోపల ఏముందో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. జిరాక్స్ షాపు అబ్బాయికి మీ కాగితం చదవడం రావాలా? ఎర్రదానిలో ఉన్న గజిబిజిని ఉన్నది ఉన్నట్టు కొత్తదానికి ఎక్కిస్తోంది. 4 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ చొప్పున కాపీ అయితే ఏడున్నర గంటలు. ఆ ఏడున్నర గంటలూ డేటా తాళంలోనే ఉండొచ్చు, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఊళ్లో లేకపోయినా డిస్కు మార్చే పని ఆగదు.

ఇక్కడ ఓపెన్‌బీఎస్‌డీ, అదే లినక్స్‌లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, వాడేవాళ్లెవరైనా ఉన్నారా? ఒక్కరు, పైగా సిగ్గుపడుతున్నారు. సిగ్గెందుకండీ. వాళ్ల పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. డిస్కులను కలిపే వాళ్ల సాఫ్ట్‌రెయిడ్ 2007లో వచ్చింది, మిర్రర్ ఉంది, తర్వాత ఎన్‌క్రిప్షన్ వచ్చింది, కానీ ఒకదాని మీద ఒకటి పేర్చడాన్ని వాళ్లు ఒప్పుకోరు. చాలా ఏళ్లు జనం రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది. 2021 మేలో వచ్చిన 6.9తో రెయిడ్ 1సీ అని కొత్తది పెట్టారు, 'సీ' అంటే క్రిప్టో. రెండూ ఒకే పొరలో. ఒక్క ఆదేశం, కనీసం రెండు డిస్కులు, ఒక పాస్‌ఫ్రేజ్. ఏది కింద ఏది పైన అనే ప్రశ్నే రాదు, కాబట్టి నాలాంటి అతి తెలివి మనుషులు తప్పు చేయడానికి చోటు లేదు. లినక్స్‌లో మనకు స్వేచ్ఛ ఎక్కువ, ఆ స్వేచ్ఛతోనే నేను ఫొటో స్టూడియోను ముంచబోయాను.

అయితే రెండో పద్ధతి ఎప్పుడూ తప్పేనా? కాదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోనే మిర్రర్ చేసుకునేవాళ్లకు అదే సరైంది. ఎందుకంటే మామూలు మిర్రర్‌కు ఒక పెద్ద లోపం ఉంది. రెండు కాపీల్లో తేడా వస్తే ఏది నిజమో దానికి తెలియదు. ఇద్దరు సాక్షులు, ఇద్దరూ వేరేవేరేగా చెబుతున్నారు, జడ్జి లేడు. డెబియన్ లినక్స్‌లో నెలకోసారి ఆదివారం తనిఖీ నడుస్తుంది కదా, తేడాలున్నాయని లెక్క చెబుతుంది, సరిచేయమంటే ఒక కాపీని రెండోదాని మీద రాసేస్తుంది, ఆ కాపీ కరెక్టా కాదా దానికి అనవసరం. ఎన్‌క్రిప్షన్ ఉంటే కనిపెడుతుందిలే అనుకుంటారు కొందరు. కనిపెట్టదు. డిస్కులకు మామూలుగా వాడే ఎక్స్‌టీఎస్ పద్ధతిలో ఒక్క బిట్ తారుమారైతే తెరిచినప్పుడు 16 బైట్ల చెత్త వస్తుంది, అంతే, ఎర్రర్ అని అరవదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ దగ్గర చెక్‌సమ్, అంటే ప్రతి ముక్కకూ సరిచూసుకునే లెక్క, ఉంటుంది, ఏ సాక్షి అబద్ధం చెబుతున్నాడో తెలుసుకుంటుంది, కానీ దానికి రెండు డిస్కులూ విడివిడిగా కనిపించాలి. అందుకని కింద రెండు తాళాలు తప్పవు. అప్పుడు దయచేసి రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టండి, ఒకసారి కొడితే రెండూ తెరుచుకునేలా సెట్ చేసుకోండి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో అయితే 2019 నుంచి, ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 0.8 నుంచి, ఎన్‌క్రిప్షన్ లోపలే ఉంది. డేటాసెట్ల, అంటే అందులో మనం చేసుకునే విభాగాల, పేర్లు మాత్రం బయటికి కనిపిస్తాయి, కాబట్టి డేటాసెట్‌కు 'బ్లాక్ మనీ' అని పేరు పెట్టకండి.

పాత మిర్రరే కావాలి, సాక్షి కూడా కావాలి అంటే, ఒక్కో డిస్కు కింద డీఎం-ఇంటెగ్రిటీ అని ఒక పొర పెట్టొచ్చు. చెడిపోయిన ముక్క కనబడితే అది చదవనివ్వదు, మిర్రర్ వెంటనే రెండో డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. కానీ ప్రతిదీ ముందు జర్నల్‌లో, అంటే ఒక చిత్తు చోట, రాసి తర్వాత అసలు చోట రాస్తుంది, రాసే వేగం సగానికి పడిపోతుందనుకోండి. ఫొటో స్టూడియోకు నేను పెట్టను. సీఏ ఆఫీసుకు పెడతాను.

58 శాతం.

ఇప్పుడు హెడర్. ఇది మాత్రం రాసుకోండి. లక్స్‌లో మీ పాస్‌వర్డ్ నేరుగా డేటాను తెరవదు. డేటాకు అసలు తాళంచెవి వేరే ఉంటుంది, అది డిస్కు మొదట్లో ఉన్న హెడర్‌లో, మీ పాస్‌వర్డ్‌తో కప్పేసి ఉంటుంది. ఆ హెడర్ పోయిందా, పాస్‌వర్డ్ మీకు కంఠతా వచ్చినా డేటా రాదు. ఎవరూ తేలేరు, ఎంత డబ్బిచ్చినా తేలేరు. "మిర్రర్ ఉంది కదా సార్, హెడర్ కూడా రెండు చోట్ల ఉంటుంది కదా?" ఉంటుంది. కానీ రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో మీరు తప్పు డివైజ్ మీద ఫార్మాట్ కొట్టారనుకోండి, మిర్రర్ ఏం చేస్తుంది? ఆ తప్పును కూడా రెండు డిస్కుల మీదా శ్రద్ధగా, అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే, సర్వర్ నడుస్తున్నప్పుడు తాళం తీసే ఉంటుంది, అది లోపలికి వచ్చి రాసిందల్లా రెండు చోట్లకూ వెళ్తుంది.

అందుకని హెడర్‌ను వేరే చోట కాపీ పెట్టుకోండి, దానికి ఆదేశం ఉంది, లక్స్2 అయితే 16 ఎంబీ ఫైలు వస్తుంది. బీరువాలో పెట్టండి, కానీ అది నిజంగా తాళంచెవే అని గుర్తుంచుకోండి. ఎవరో ఉద్యోగం మానేశాడని మీరు పాస్‌వర్డ్ మార్చారు, సంతోషం, కానీ పాత హెడర్ కాపీ అతని దగ్గర ఉంటే పాత పాస్‌వర్డ్‌తోనే డిస్కు ఇప్పటికీ తెరుచుకుంటుంది. కాబట్టి పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా పాత కాపీ నాశనం చేసి కొత్తది తీయండి.

పాస్‌వర్డ్ గురించి ఒక చిన్న మాట. బూట్ అయ్యేటప్పుడు తెలుగు కీబోర్డ్ ఉండదు, తెలుగు లిపిలో పెట్టి ఇరుక్కోకండి. మా అమ్మమ్మ తిట్టే తిట్టు ఒకటి ఉండేది, ఐదారు మాటల తిట్టు, దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాను. ఏ డిక్షనరీలోనూ దొరకదు. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్లు ఉండే ఉంటారు.

అడుగుతున్నారు, చెప్పండమ్మా. ఆ, రాత్రి 3కి కరెంటు పోయి వస్తే సర్వర్ పాస్‌వర్డ్ కోసం కూర్చుంటుంది, ఎవరు వెళ్లి కొడతారు? మంచి ప్రశ్న. బూట్ అయ్యే దశలోనే, దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒకటి లేచేలా పెట్టొచ్చు, డ్రాప్‌బేర్ అంటారు. ఇంట్లో మంచం మీద నుంచే ఫోన్‌లో లాగిన్ అయి పాస్‌వర్డ్ కొట్టేయొచ్చు. నేను అదే వాడుతున్నాను. పాస్‌వర్డ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి సర్వర్‌కే గుచ్చి ఉంచేవాళ్లను చూశాను, దానికన్నా తలుపుకు తాళం వేసి చెవి తాళానికే వేలాడదీయడం నయం.

ఇంకో ప్రశ్న? రెండు డిస్కులూ ఒకే రోజు ఒకే షాపులో కొనొచ్చా అంటున్నారు. కొనొచ్చు, కానీ నేను కొనను. ఒకే బ్యాచ్‌లో పుట్టి, ఒకే పెట్టెలో, ఒకే వేడిలో, ఒకే పని చేసినవి దాదాపు ఒకేసారి పోయే అవకాశం ఉంటుంది. ఒకటి సీటీసీలో కొంటే ఇంకోటి ఆన్‌లైన్‌లో కొంటాను, వీలైతే వేరే కంపెనీది. సైజులో పది ఎంబీ తేడా వచ్చి రెండోది పట్టకపోవచ్చు, అందుకని పార్టిషన్ కొంచెం తగ్గించి చేసుకుంటాను.

ఏమైంది... 97. ఆగండి. ఆ పక్కనున్నాయన ఫోన్‌లో వీడియో తీస్తున్నారు, తీయండి తీయండి. 99. అదిగో, గీత పోయింది. రెండు 'యూ'లు వచ్చాయి. ఇప్పుడు ఎర్రదాన్ని కూడా పీకేస్తున్నాను, చూస్తున్నారు కదా, మిగిలింది దారం లేనిది ఒక్కటే, ఇరవై నిమిషాల కింద దీనిలో ఏమీ లేదు. ఇప్పుడు మొదటిసారి పాస్‌వర్డ్ కొట్టబోతున్నాను. వీడియో ఆపండి సార్. మీరంతా కాసేపు అటు తిరగండి, మా అమ్మమ్మ తిట్టు మీకు చెప్పేది లేదు.

ఆ, ఇటు తిరగండి. తెరుచుకుంది. లోపల ఒక్కటే ఫైలు పెట్టాను, మా వీధి చివర ఇరానీ హోటల్ బోర్డు ఫొటో. కనిపిస్తోందా వెనక వాళ్లకు?